కాపీకీ బిల్లే

"ఆ సంతకం పడిందంటే మీ చెల్లెలు ప్రాణాలతో తిరిగి రాదు," అన్నాడు చీఫ్.

గూఢచారి డేగ చెల్లెలు మూడేళ్లుగా శత్రుదేశంలో నర్సు వేషంలో ఉంటోంది. ఆమె రహస్య రిపోర్టులు ఇకపై రక్షణ శాఖ కొత్త నెట్‌వర్క్ మీదుగా నడవాలి. ఆ నెట్‌వర్క్ ఎవరికి కట్టబెట్టాలో తేల్చేది కొనుగోళ్ల కమిటీ. దాని చైర్మన్ దృష్టిలో దేశమంటే ఒక కొటేషన్.

"టెండరు వేసిన శాటిలైట్ కంపెనీ ముసుగులో ఉన్నది శత్రువుల ముఠాయే. రుజువు నువ్వు తేవాలి. లోపల నెమలి ఉంది."

నెమలి కమిటీకి కన్సల్టెంట్. చూపు తిప్పుకోనివ్వని అందగత్తె. ముఠా దగ్గరా జీతం పుచ్చుకుంటుంది, మన దగ్గరా పుచ్చుకుంటుంది. డేగ ఆమెను ఏనాడూ నమ్మలేదు.

మర్నాడు అతను, ప్రత్యేక కేబుల్ అద్దెకిచ్చే లీజ్డ్ లైన్ కంపెనీ సేల్స్‌మన్ వేషంలో మీటింగ్‌లో కూర్చున్నాడు. ఎదురుగా శాటిలైట్ కంపెనీ ప్రతినిధి ఒళ్లంతా నవ్వుతున్నాడు.

నెమలి తెర మీద లెక్కలు చూపించింది. "లీజ్డ్ లైన్‌కు వాడినా వాడకపోయినా ఒకటే అద్దె. శాటిలైట్‌కు అద్దె తక్కువ, పంపిన డేటాను బట్టి ఛార్జి. మొత్తం మీద శాటిలైటే నెలకు ఆరు వేలు చవక."

ఆరు వేలు! డేగ చెల్లెలి ప్రాణానికి వీళ్లు కట్టిన ధర అదీ.

"కాఫీ చల్లారిపోయింది," అంది నెమలి. అది కోడ్.

డేగ వాచీ చూసుకున్నాడు. శాటిలైట్ కంపెనీ ట్రయల్ లైనుకు ఆమె వారం కిందట తగిలించిన బుల్లి మీటర్ రీడింగ్ అందులో కనిపించింది. ఆఫీసు పంపింది నాలుగు వందల జీబీ. ఆకాశంలోకి వెళ్లింది ఎనిమిది వందలు.

చైర్మన్ పెన్ను మూత తీశాడు. డేగ లేచి తన అసలు ఐడీ కార్డు బల్ల మీద పడేశాడు.

"ఆగండి! మీ ప్రతి మెసేజీకీ ఒక కాపీ శత్రువుకు పోతోంది."

"పోతే పోనీవయ్యా," అన్నాడు చైర్మన్ విసుగ్గా. "మనది పోయినా వాళ్ల దగ్గర ఒకటుంటుంది. బ్యాకప్ ఊరికే వస్తుంటే వద్దంటావేం?"

డేగ చైర్మన్‌ను ఎగాదిగా చూశాడు. ఇలాంటి మనుషుల కోసమా తన చెల్లెలు అక్కడ చావుతో చెలగాటమాడుతున్నది? పెన్ను కాగితాన్ని తాకబోయింది. నెమలి చడీచప్పుడు లేకుండా ట్రయల్ బిల్లును డేగ ముందుకు తోసింది. డేగ ఒక్క క్షణం చదివి, చైర్మన్ ముక్కు కిందికి నెట్టాడు.

"ఊరికే కాదండీ. పంపింది నాలుగు వందలు, బిల్లు ఎనిమిది వందలకి. వాళ్ల కాపీ ఖర్చు కూడా మీ నెత్తినే రుద్దారు."

పెన్ను గాల్లోనే ఆగింది. చైర్మన్ మొహం కందగడ్డలా అయింది.

"రెండింతలా? దొంగ వెధవల్లారా! అయితే లీజ్డ్ లైనే చవక కదా!"

ప్రతినిధి చెయ్యి కోటు జేబులోకి వెళ్లింది. డేగ తన్నిన తన్నుకు పిస్తోలు ఒక మూల, మనిషి ఒక మూల పడ్డారు. కమిటీలో ఒక్కరూ అటు చూడలేదు. అందరూ బిల్లునే చూస్తున్నారు. దేశభక్తి చేయలేని పని ముఠా పిసినారితనం చేసిందని డేగకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. చెల్లెలు మాత్రం బతికింది. అది చాలు.

చైర్మన్ లీజ్డ్ లైన్ ఫైలు మీద సంతకం చేసి, డేగ చేతి వాచీ వైపు అనుమానంగా చూశాడు.

"అది కొనేటప్పుడు మూడు కొటేషన్లు తీసుకున్నారా?"