పళ్లెంలో తేయాకు

శుక్రవారం మధ్యాహ్నం బర్మాలో ఆవా రాజైన లెట్యా మిన్‌ను రాజు నెత్తురు నేల తాకకూడదని ఎర్ర మఖమలు సంచిలో కట్టి ఐరావతి నదిలో ముంచారు. వయసు పంతొమ్మిది. గద్దెనెక్కాక ఒక్క వానాకాలమైనా పూర్తిగా చూడలేదు.

ఆ పొద్దుటి దాకా అతన్ని కాపాడే పని థెట్ షే అనేవాడిది. కోటలో అందరికీ అతను రాజుకు విసనకర్ర వీచే నౌకరు. నిజానికి రాజు సొంత గూఢచారి. మిషన్ ఒకటే: శత్రురాజ్యం పెగూ పంపే వేగుల చేతిలో రాజు చావకూడదు. తలపాగా మడతలో వెండి సూది ఉండేది. విషం తగిలితే నల్లబడుతుంది.

అతనికి కబుర్లు చేరవేసేది షిన్ ఎయీ, అంతఃపురంలో వీణ వాయించే మనిషి. చెవి పక్కన పువ్వు కుడివైపు ఉంటే క్షేమం, ఎడమకు మారితే ప్రమాదం. ఆమె ఇచ్చిన ఆచూకీతో ఇద్దరు పెగూ వేగులు అప్పటికే దొరికారు.

గద్దె నాదంటే నాదని రాజుకూ, బాబాయి సలే ప్రభువుకూ తగవు. భిక్షువులు ఇద్దర్నీ కూర్చోబెట్టి రాజీ కుదిర్చారు. శుక్రవారం పొద్దున ఇక మిగిలిన తంతు తేయాకు తినడమే. ఒకే పళ్లెంలోంచి ఊరేసిన తేయాకు ఇద్దరూ తింటే తగవు ముగిసినట్టే. ఆ తర్వాత మాట తప్పినవాడి వెంట ఆవాలో ఒక్క సిపాయీ నడవడు.

సభ గుమ్మంలో షిన్ ఎయీ ఎదురైంది. పువ్వు ఎడమ పక్కన ఉంది.

"తేయాకులోనే అన్నా," అంది గొంతు తగ్గించి. "వంటవాణ్ణి పెగూవాళ్లు కొనేశారు."

"నువ్వు చూశావా?"

"చూడకుండా చెప్తానా? సూది గుచ్చి చూసుకునే టైముందా నీకు? అదిగో, రాజు ముందు పళ్లెం పెట్టేశారు."

లోపల సలే ప్రభువు పళ్లెం ముందుకు జరిపాడు. "నువ్వు మొదలెట్టు నాయనా. నాకు పళ్లు లేవు, నెమ్మదిగా నములుతా."

"నమలండి బాబాయ్. రాజ్యం ఎక్కడికీ పోదులే," అని రాజు నవ్వాడు.

రాజు వేళ్లు నోటి దాకా వెళ్లాయి. థెట్ షే గుమ్మంలోంచి పరుగున వచ్చి, విసనకర్ర వదిలేసి ఆ చేతిమీద కొట్టాడు. పళ్లెం బోర్లా పడింది.

"విషం ప్రభూ."

సలే ప్రభువు పెద్ద భిక్షువు వైపు తిరిగాడు.

"అబ్బాయి తిన్నాడా స్వామీ?"

"లేదు."

"నేను?"

"నువ్వూ లేదు."

"అయితే తగవు తీరలేదన్నమాట."

తలుపులు తెరుచుకున్నాయి. సలే సిపాయిలు లోపలికి వచ్చారు.

థెట్ షే నేల మీది ఆకుల్లో సూది గుచ్చాడు. తెల్లగానే వచ్చింది. మళ్లీ గుచ్చాడు.

"నీకెవరు చెప్పారు థెట్ షే?" అన్నాడు రాజు. అప్పటికే అతని చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు.

షిన్ ఎయీ సలే ప్రభువు వెనక నిలబడి పువ్వును కుడి పక్కకు మార్చుకుంటోంది.

"మరి ఆ ఇద్దరు పెగూవాళ్లు?" అని ఆమెను అడిగాడు థెట్ షే.

"వాళ్లు నిజంగా వేగులే అన్నా. లేకపోతే నన్ను నమ్మేవాడివా?"

సిపాయి ఒకడు కత్తి ఎత్తాడు. సలే ప్రభువు ఆపాడు. "వాణ్ణి ఏమీ అనకండి. పెగూవాళ్ల చేతిలో రాజు చావకుండా చూశాడు."

ఒలికిన తేయాకును వంటవాడు ఊడ్చి పెరట్లో పారేశాడు. కోళ్లు తిన్నాయి. మర్నాడు పొద్దున థెట్ షే వెళ్లి చూశాడు. అన్నీ బతికే ఉన్నాయి.