దేవప్ప కుడిచెయ్యి

తప్పు నాదే. నేను మంచోణ్ణని ఎవరూ అనుకోకూడదని ముందే చెప్పేస్తాండా.

మాది ధర్మవరం, చీరలకు బుట్టాలు గీసే ఇల్లు. గళ్ళ కాగితం మీద సగం బుట్టా నింపితే చాలు, మిగతా సగం దాన్నే తిరగేసి గీసుకుంటాం. ఆ పనితనం చూసే నన్ను నీళ్ళ సర్వేలోకి తీసుకున్నారు. నేల మీద ఇనుప పలక పెట్టి సుత్తితో కొడితే, లోపలినుంచి తిరిగొచ్చే చప్పుడును యంత్రం గీతగా గీస్తుంది. అడుగడుగూ జరుగుతా మా సర్వే సారు కొడతాడు. గట్టిగా పలికిన చోట నేను గడి నింపాల. ఒక్క దెబ్బతో ఏమీ తెలీదు. వందల దెబ్బలు కలిస్తే లోపలున్నదాని ఆకారం తేలుతుంది.

1962లో రొద్దం దగ్గర ఒక బావికి, సారు రాని రోజు, ఎండకు ఓర్వలేక, పడమటి సగమే కొలిచినా. తూర్పు సగం తిరగేసి గీసేసినా. నేను రాయి చూపించిన ఆ తూర్పున ఉండింది ఇసుక. అది జారి, బావి తవ్వుతున్న దేవప్ప మీద పడింది. శవం కూడా దొరకలేదు.

ఏడాదికి అతని పెళ్ళాం కుళ్ళాయమ్మ పెనుకొండలో మా సర్వే ఆఫీసుకొచ్చి మా సారు కాళ్ళు పట్టుకుంది.

"యాడుండాడో చూపించు సామీ. కర్మ చేసుకుంటా."

ఆమెను తోడుకోని పూడిన బావి మీదికి మళ్ళీ పోయినాం. ఈసారి రెండు సగాలూ కొలిచినా, ఒక్క అడుగూ వదల్లేదు. సారు కొడతాంటే పొద్దు వాలింది. ఎక్కడా వాన లేదు, తడి ఇసుక వాసన మాత్రం వస్తానే ఉంది. సారు సుత్తి కింద పెట్టినాడు. యంత్రం ముల్లు ఆగలేదు. టక్... టక్...

నేను నింపిన గళ్ళల్లో మనిషి తేలినాడు. మోకాళ్ళు ముడుచుకోని, రెండు చేతులూ పైకెత్తి.

కుళ్ళాయమ్మ కాగితం మీద ఒక చెయ్యి తడిమింది. మూడే వేళ్ళు.

"మా ఆయనే. రాళ్ళు పేల్చేటప్పుడు ఎడంచేతి వేళ్ళు రెండు పోయినాయి."

తర్వాత రెండో చెయ్యి చూసింది. అదీ మూడే వేళ్ళు.

"కుడిచేతికి అయిదూ ఉండె కదప్పా..." గుసగుసగా అడిగింది. "ఇట్లెందుకు గీసినావు?"

"తిరగేసి గీయలేదక్కా. ఈసారి కొలిచినా."

"ఈసారా?" అన్నాడు సారు.

పెన్సిల్ జారిపోయింది. తీసుకుందామని వంగినా. నా కుడిచేతి వేళ్ళు రెండు ముడుచుకోని ఉన్నాయి... తెరుచుకోలేదు. వాటి గోళ్ళ నిండా తడి ఇసుక.

పొద్దుట్నుంచీ నేను మన్ను ముట్టలేదు.