షరతు చెరిపిందెవరు?

"సంతకం పెట్టను. జైల్లో పెట్టించినా పెట్టను!" అంటూనే లోపలికొచ్చింది ప్రోగ్రామరు. చేతిలో నలిగిన కాగితం ఉంది. వెనకే ఆమె తమ్ముడు. పుట్టుకతోనే వినికిడి లేదతనికి. అక్క పెదవులనే చూస్తున్నాడు.

డిటెక్టివు కుర్చీ చూపించింది. ఊరికి ఆవిడ డిటెక్టివు, మేనల్లుడైన అసిస్టెంటుకి మాత్రం అత్తయ్య. అత్తయ్య నోరు మెదపకుండా వింటోందంటే ఎవరికో మూడిందని అతని గట్టి నమ్మకం.

తలుపు తడితే దీపం వెలిగే పెట్టె ఒకటి తమ్ముడి కోసం చేసి, దాని ప్రోగ్రామును లోకానికి ఉచితంగా ఇచ్చేసిందామె. వాడుకోండి, మార్చుకోండి, అమ్ముకోండి, షరతు ఒక్కటే అంది. ఎవరికి అందించినా ప్రోగ్రాము అసలు రాత, అంటే సోర్స్ కోడ్, ఆమె పేరు, ఈ షరతు రాసిన లైసెన్సు కూడా అందించాలి. ఈలోగా ఒక కంపెనీ అలాంటి పెట్టెలే బజారులోకి దించింది. కోడూ లేదు, లైసెన్సూ లేదు. ఇదేమిటని అడిగితే, "ఇక్కడ పనిచేసినప్పుడు మా ప్రోగ్రామే ఎత్తుకుపోయావు. ఒప్పుకుని సంతకం పెట్టు, లేదా కేసు" అన్నారు. దొంగే దొంగా దొంగా అని అరవడమంటే ఇదే.

"పెడితే ఏమవుతుంది?" అంది అత్తయ్య.

"నా ప్రోగ్రాము వాళ్లదైపోతుందండీ. ఇంకెవరూ ముట్టుకోకూడదు. చివరికి వీడి పెట్టెతో సహా."

అత్తయ్య ముందు వాళ్లింటికి వెళ్లింది. అసిస్టెంటు తలుపు తట్టగానే హాల్లో దీపం వెలిగింది. వంటగదిలో కిటికీ రెక్క గాలికి కొట్టుకుంటోంది. టప్, టప్, కాస్త ఆగి మళ్లీ టప్. దీపం వెలగలేదు.

"గడియ వేసెయ్యనా అత్తయ్యా?"

"వద్దురా. దాని గొడవేదో విననీ."

ఆ తర్వాత అందరూ కంపెనీలో కూర్చున్నారు. గోడలన్నీ బిగించిన అద్దాలే, చీమ దూరే సందు లేదు. ఓనరు పక్కన చీఫ్ ఇంజనీరు, ఆయనగారి అల్లుడే.

"ఈ ప్రోగ్రాము ఎవరు రాశారు?" అంది అత్తయ్య.

"నేనే," అన్నాడు అల్లుడు. "మొదటినుంచి చివరిదాకా ఈ గదిలో కూర్చునే."

"ఈ అమ్మాయి కోడ్ చూశారా?"

"చూడాల్సిన ఖర్మ నాకేంటండీ?"

"మా అల్లుడు బంగారం," అన్నాడు ఓనరు.

అత్తయ్య కంపెనీవారి కొత్త పెట్టెను బల్లమీద పెట్టించింది. బల్ల తట్టగానే దీపం వెలిగింది. ఈసారి టప్, టప్, ఆగి టప్ అని కొట్టింది. వెలగలేదు.

"పాడైపోయిందా ఏంటి?" ఓనరు కంగారుపడ్డాడు.

అల్లుడు నవ్వాడు. "లేదు మావయ్యా, అది కిటికీ రెక్క చప్పుడు. మనిషి కాదు, అందుకే వెలగదు."

"ఏ కిటికీ నాయనా?" అంది అత్తయ్య.

అల్లుడి నవ్వు ఆగిపోయింది. ఓనరు చుట్టూ చూశాడు. తెరుచుకునే కిటికీ ఒక్కటి లేదు. ప్రోగ్రామరు తన సోర్స్ కోడ్ తెరిచి, ఆ చప్పుడు గురించి అందులో రాసుకున్న వాక్యం చదివింది. 'మా వంటగది కిటికీ రెక్క. మనిషి కాదు. పట్టించుకోవద్దు.'

"కోడ్ తీసుకోవడం తప్పు కాదు, ఆమే తీసుకోమంది," అంది అత్తయ్య. "పైనున్న పేరూ షరతూ చెరిపావు చూడు, అదే తప్పు. చెరిపినవాడివి కిటికీని చెరపడం మర్చిపోయావు. మీ మావగారికి తెలీదు, తెలిసుంటే పాడైందని బెంబేలెత్తేవారు కాదు."

ప్రోగ్రామరు లేచి నిలబడింది. "మా కిటికీని ఎన్ని ఇళ్లకి అమ్మారండీ? టప్, టప్, ఆగి టప్ అని ఎవరు తలుపు కొట్టినా అక్కడ దీపం వెలగదు. కోడ్ ఇచ్చుంటే ఎవరో ఒకరు సరిచేసుకునేవాళ్లు కదా!"

"ఎంత కావాలో చెప్పమ్మా, ఇక్కడితో పోనిద్దాం," అన్నాడు ఓనరు.

"డబ్బొద్దు. పెట్టె కొన్న ప్రతి ఇంటికీ కోడ్, లైసెన్సు, నా పేరు పంపండి."

"అలా ఇస్తే వీధికొకడు ఈ పెట్టె చేస్తాడమ్మా!"

"చెయ్యనివ్వండి. అందుకేగా రాశాను!"

ఓనరు అల్లుడి వైపు చూడలేదు. ఫోను తీసి, కోడూ లైసెన్సూ ఆమె పేరూ చేర్చేదాకా పెట్టెల ప్యాకింగు ఆపమన్నాడు.