ఎక్కేటప్పుడు పొట్టివాడు ముందు

మా వైద్య శిబిరం ఒక బడిలో ఉండేది. బెంచీలన్నీ గోడవారన పేర్చి, తరగతి గదుల్లో గాయపడ్డవాళ్ళని పడుకోబెట్టేవాళ్ళు. నల్లబల్ల మీద ఎవరో పిల్లవాడు రాసిన ఎక్కాలు ఇంకా అలాగే ఉండేవి. వెనక వరండాలో స్ట్రెచర్లు కడిగి ఆరబెట్టడం, పిలుపు రాగానే మోయడం మా ఇద్దరి పని. ఇద్దరం అంటే నేనూ, మా బావా. నా భార్యకి స్వయానా అన్న. ఒకే వీధిలో పెరిగాం, ఒకే మాస్టారి చేత తన్నులు తిన్నాం. సైన్యంలో చేరింది కూడా పంతానికే. వాడు చేరుతున్నాడని నేను, నేను చేరుతున్నానని వాడు.

పరుగులో వాడిదే గెలుపు. ఈతలో వాడిదే. మాటల్లో సరేసరి. నేను వాడిని మించింది ఒక్క ఎత్తులోనే, వాడు నా భుజం దాకా కూడా రాడు. "పొడుగు పెరిగితే చాలదు బావా, అంత పైదాకా నెత్తురు కూడా ఎక్కాలి" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. అది చూసి వాడికి కడుపు నిండేది.

స్ట్రెచర్ మోసేవాళ్ళకి ఒక పద్ధతి ఉంది. గుట్ట ఎక్కేటప్పుడు పొట్టివాడు ముందు, పొడుగువాడు వెనక. దిగేటప్పుడు పొడుగువాడు ముందు. అలాగైతేనే మధ్యలో పడుకున్నవాడు జారిపోకుండా ఉంటాడు. మోస్తున్నప్పుడు ముందువాడు వెనక్కి తిరగకూడదు, తిరిగితే స్ట్రెచర్ ఒరిగిపోతుంది. కేకలు వేస్తే శత్రువుకి వినబడుతుంది. అందుకని ఏం చెప్పాలన్నా స్ట్రెచర్ కర్ర మీద కొట్టి చెప్పుకునేవాళ్ళం. రెండు దెబ్బలంటే నడు. ఒక్కటంటే ఆగు. మా బావ వేలికి ఉక్కు ఉంగరం ఉండేది. వాడు కొడితే ఆ చప్పుడు కర్రలోంచి నా అరచేతుల్లోకి పాకేది.

మేం బయల్దేరిన రోజు నా భార్య ఏడవలేదు. గుమ్మంలో నిలబడి ఒకటే మాట అంది. "వస్తే ఇద్దరూ రండి. ఒక్కరే వస్తే, ఆ ఒక్కరు ఎవరైనా సరే, గుమ్మం ఎక్కనివ్వను." దానికి వేళాకోళం తెలీదు. అన్నంత పనీ చేసే మనిషి.

ఆ రోజు పట్టపగలే మంచు కమ్మేసింది. చాచిన చెయ్యి కనబడటం లేదు. గుట్ట మీది కాపలా చోట ఎవరికో గాయాలయ్యాయి, పట్టుకురమ్మన్నాడు మేజర్. మడిచిన స్ట్రెచర్ తీసుకుని బయల్దేరాం. దారి కనబడనప్పుడు ముందు నడిచేది నేనే అన్నాను. వాడు నన్ను మోచేత్తో పక్కకి నెట్టాడు.

"పద్ధతి పద్ధతే. నాకేమన్నా అయితే దానికి అన్న పోతాడు. నీకేమన్నా అయితే మొగుడు పోతాడు. నోర్మూసుకుని వెనక నడు."

సగం గుట్ట ఎక్కామో లేదో గుండు పడింది. నేను లేచి చూసేసరికి వాడు నా ముందు వెల్లకిలా పడి ఉన్నాడు. ఛాతీ ఉండాల్సిన చోట ఛాతీ లేదు. ఒక్కడినే మోయలేక, ఇంకో మనిషి కోసం కిందికి పరుగెత్తాను.

అప్పుడు తెలిసింది. ఆ గుట్ట మీద మనవాళ్ళు ఎవరూ లేరు. తెల్లవారకముందే అందరినీ దింపేశారు. మేజర్‌కి ఆ సంగతి తెలుసు. రాత్రి వచ్చిన పాత కబురు చూసి, అది మరిచిపోయి మమ్మల్ని పంపాడు. ఆ ముక్క నాతో అంటున్నప్పుడు ఆయన టీ తాగుతున్నాడు. "పొరపాటు జరిగింది. శవాల కోసం మాత్రం మనుషుల్ని పంపను" అని గ్లాసు కింద పెట్టాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన్ని ఆ కుర్చీలోనే పాతెయ్యాలనిపించింది. కానీ అంతకంటే ఎక్కువ కోపం మా బావ మీద వచ్చింది. పెద్ద త్యాగమూర్తి! చావులో కూడా నన్ను వెనక్కి నెట్టి ముందుకి పోయాడు. ఇంటికెళ్ళి దాని మొహం చూడాల్సింది నేను. సమాధానం చెప్పాల్సింది నేను. ఎవరినీ అడక్కుండా, ఎవరికీ చెప్పకుండా మళ్ళీ గుట్టెక్కాను.

వాడు అక్కడే ఉన్నాడు. స్ట్రెచర్ విప్పి పడుకోబెట్టాను, దుప్పటి కప్పాను, పటకాలు బిగించి కట్టాను. నా చేతులతో నేనే కట్టాను. ముందు కర్రలు పట్టుకుని, వెనక కర్రల్ని నేల మీద ఈడ్చుకుంటూ దిగడం మొదలుపెట్టాను. తడిసిన మట్టి వాసన, కాలిన మందుగుండు వాసన, వాటి కిందనుంచి నెత్తురు వాసన. కర్రలు రాళ్ళకి రాసుకుని గర్రు గర్రుమంటున్నాయి. దారి పొడుగునా వాడిని తిడుతూనే ఉన్నాను. నాకు తెలిసిన తిట్లన్నీ తిట్టాను.

కొంత దూరం దిగాక గర్రుమనడం ఆగిపోయింది.

రాళ్ళు అయిపోయాయేమో అనుకున్నాను. కింద చూస్తే రాళ్ళే. నా కాలి కింద అన్నీ రాళ్ళే. కానీ చప్పుడు లేదు. నా భుజాల మీద బరువు సగమైంది. స్ట్రెచర్ సమంగా ఉంది…

ఎవరో వెనక ఎత్తి పట్టుకున్నారు.

ఆగిపోయాను. వెనక ఊపిరి చప్పుడు లేదు. ఏమీ లేదు. అప్పుడు నా అరచేతుల్లోకి పాకింది.

టక్… టక్.

నడు.

తిరగలేదు. తిరిగితే స్ట్రెచర్ ఒరిగిపోతుంది. ఇన్నేళ్ళ అలవాటు అది. భయంతో తిరగలేదేమో కూడా, నాకు తెలీదు. నడిచాను. నా వెనక అడుగులు వినబడ్డాయి. పొట్టివాళ్ళు వేసే చిన్న చిన్న అడుగులు. నేను ఒకటి వేస్తే వాడు రెండు.

"చచ్చినా వదలవా?" అన్నాను పళ్ళ బిగువున.

నడుస్తున్నాం. ఉన్నట్టుండి…

టక్.

ఆగాను. నా ఎదుట, నేను ఆ మరుక్షణం నిలబడాల్సిన చోట, గుండు పడి పేలింది. మట్టి వచ్చి మొహాన కొట్టింది. చెవుల్లో హోరు తగ్గాక, భుజం వెనకనుంచి చిన్న గొంతు.

"మెల్లగా బావా."

టక్… టక్.

బడి వరండా మంచులోంచి బయటపడింది. స్ట్రెచర్ దించి ఒక్కసారిగా వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు. వరండాలో ఉన్న కాంపౌండర్ దగ్గరికొచ్చి చిరాకుపడ్డాడు.

"ఖాళీ స్ట్రెచర్ మోసుకొచ్చారేంటి? ఇంతకీ మీ బావేడీ? ఇప్పుడేగా నీ వెనక చూశాను."

దుప్పటి చదునుగా ఉంది. పటకాలు బిగించింది బిగించినట్టే ఉన్నాయి. దుప్పటి కింద గుడ్డ నెత్తురుతో తడిసి, ఇంకా వెచ్చగా ఉంది. పొట్టివాడు పడుకుంటే పడే మచ్చ కాదది. కర్రల ఈ చివరనుంచి ఆ చివరదాకా ఉంది.

మంచు విడిచాక వెళ్ళి గుట్టంతా వెతికాను. వాడు దొరకలేదు. కనబడకుండా పోయాడని సైన్యం తేల్చేసింది. మేజర్ బదిలీ మీద హాయిగా ఎక్కడికో వెళ్ళిపోయాడు.

యుద్ధం అయిపోయి ఇంటికొచ్చాను. మా ఇల్లు మేడ మీద. ఇరుకు మెట్లు. ఎండ మెట్ల మీద పడుతోంది, ఎవరింట్లోనో కుట్టుమిషన్ నడుస్తోంది. దానికి చెప్పాల్సిన మాటలు దారంతా కూడబలుక్కుంటూ వచ్చాను, మొదటి మెట్టు దగ్గర ఒక్కటీ మిగల్లేదు. కోపమే మిగిలింది. మెట్టు మీద కాలు పెట్టాను.

టక్… టక్.

ఈసారి వెనకనుంచి కాదు. ముందునుంచి, పైనుంచి.

నా చేతులు ఖాళీగా ఉన్నాయి. అయినా వేళ్ళు వాటంతటవే ముడుచుకున్నాయి. అరచేతుల్లో కర్రలు కోసుకుంటున్నాయి. బరువు… మనిషి బరువు. మెట్టు తర్వాత మెట్టు ఎక్కుతున్నాను. ఎక్కుతున్నాను కాబట్టి చేతులు పైకెత్తి పట్టుకున్నాను. నా ముందు చిన్న చిన్న అడుగులు.

తలుపు తెరుచుకుంది. నా భార్య. చూపు నా మీద పడలేదు. నాకంటే కొన్ని మెట్ల పైన, పొట్టివాడి మొహం ఉండాల్సిన ఎత్తులో ఆగింది. దాని మొహం వెలిగింది.

"వచ్చావా అన్నయ్యా."

ఇంటికి కూడా నాకంటే ముందే వచ్చాడు. గట్టిగా తిట్టాలనుకున్నాను, ఈలోగానే దాని చూపు మెల్లగా కిందికి దిగింది, మా ఇద్దరి మధ్యకి.

"ఇద్దరూ వచ్చారు, సరే," అంది మెల్లగా. "మరి ఈ మూడో మనిషి ఎవరండీ?"

ఒక మెట్టు దిగింది. వంగింది. నాకు కనబడని దుప్పటి అంచు రెండు వేళ్ళతో పట్టుకుని ఎత్తింది. చూసింది. తలెత్తి నా మొహంలోకి చూసింది. మళ్ళీ కిందికి చూసింది. దాని పెదవుల మీద రంగు పోయింది.

అది ఏం చూసిందో అడగడానికి ముందుకి అడుగెయ్యబోయాను.

టక్.

ఒక్కసారే.