నీడలో వెలిసిన ఫ్లెక్సీ

ఫ్లోరా డిటెక్టివ్ ఆఫీసు గుమ్మంలోనే కూలబడింది. ఆమె ఇందుకూరుపేటలో నర్సు. ఒంటిమీది బంగారమంతా అమ్మి, మైపాడు దారిలో కొత్తింటికి అడ్వాన్సు కట్టింది.

"బోర్డు మీద స్థలంతో సహా ముప్పై లక్షలని ఉండింది సార్. ఇప్పుడు స్థలానికి ఇంకో పది కట్టమంటన్నారు. సాయంత్రంలోగా కట్టకపోతే ఇల్లూ పోతాది, అడ్వాన్సూ పోతాది. అప్పుడు ఆ బోర్డు ఫొటో తీసుకోవాలని తోచలేదు."

ప్రైవేట్ డిటెక్టివ్ లాజరస్ లేచి చెప్పులు తొడుక్కున్నాడు. ఆయన అలా లేచాడంటే ఎవరికో మూడిందని సహాయకురాలు వెన్నెలకు గట్టి నమ్మకం.

రోడ్డు పక్కన పెద్ద ఫ్లెక్సీ నిగనిగలాడుతోంది. ముప్పై లక్షలు! కింద చీమల్లాంటి అక్షరాలు: స్థలం ధర అదనం. పక్కనున్న టీకొట్టు బోర్డు మాత్రం ఉప్పుగాలికీ ఎండకీ వెలిసిపోయింది.

"ఏడాదిగా ఇదే బోర్డు. ఆమె సరిగ్గా చదవకపోతే తప్పు నాదా?" అన్నాడు బిల్డర్ పెంచలప్రసాద్.

"ఇదివరకు ఏం చేసేవారు?" అడిగాడు లాజరస్.

"రొయ్యల గుంటలు. వెనక ఒకటి ఇంకా ఉండాది. వంగిన మేకు కూడా పారెయ్యను సార్ నేను. అట్నే ఎదిగినా."

ఆ మురిపెం చూసి వెన్నెలకు ఒళ్ళు మండింది. లాజరస్ మాత్రం గుంట వైపు నడిచాడు.

సాయంత్రం ఇళ్ళు కొన్నవాళ్ళందరినీ, బిల్డర్‌నీ గుంట గట్టు మీది కాపలా పాకలోకి పిలిచాడు. లాజరస్ తాపీగా నులకమంచం మీద వెల్లకిలా పడుకున్నాడు.

"అందరూ పైకి చూడండి."

పాకకు కప్పు ఒక పాత ఫ్లెక్సీ. ఖాళీ వైపు ఆకాశానికి, అక్షరాలు లోపలికి. రంగు వెలిసినా చదవడానికి వస్తోంది.

"స్థలంతో సహా ముప్పై లక్షలే," పైకి చదివింది ఫ్లోరా.

"అది తప్పు ప్రింటు. రోడ్డు మీద కట్టనే లేదు," అన్నాడు ప్రసాద్.

"మరి నీడలో ఉన్న వైపు రంగెట్లా వెలిసింది ప్రసాద్ గారూ? ఏడాది ఎండలో నిలబడింది ఇదే. అడ్వాన్సులు పడినాక కొత్తది కట్టించినారు, అందుకే అది మెరుస్తోంది. దీన్ని కాల్చేసుంటే నా చేతిలో ఏమీ ఉండేది కాదు. పారెయ్యడానికి మీకు మనసు రాలేదు."

జనం ఫోన్లు తీసి ఫొటోలు కొట్టడం మొదలుపెట్టారు. ప్రసాద్ చెయ్యి ఫ్లెక్సీ కొస మీదికి పోయింది. ఫ్లోరా అడ్డంగా వచ్చి నిలబడింది.

"దాన్ని అట్నే ఉండనీండి. ఆ ధరకే మా ఇంటి తాళాలియ్యండి."