నల్లబడ్డ వెండి గిన్నె

"గిందుల గుడ్డు పెట్టినవని నేనంటున్న. నువ్వు ఒప్పుకోవు." యేసుమణి వెండి గిన్నెను కోడలి మొహం ముందు తిప్పింది. మనవరాలు ఒలీవియా బాప్తిస్మానికి చేయించిన గిన్నె. షోకేసులో ఉన్నచోటే నల్లబడింది.

"నిన్నటి నుంచి అదే మాట. ఇంట్ల గుడ్లు అయిపోయి వారమైంది అత్తమ్మా," అంది లోయిస్.

"గుడ్డు తగలకుంటే, ఆదివారం తోమిన వెండి గిట్లెట్ల నల్లబడ్తది?"

లోయిస్ భర్త గిడియన్ ప్రభుత్వ ల్యాబ్‌లో స్టోర్ చూస్తాడు. నిలబడే రెండు ఇడ్లీలు తిన్నాడు. షోకేసులో గిన్నె పక్కనుండే తన బైబిల్‌ను జిప్పు కవరుతో సహా చంకలో పెట్టుకున్నాడు.

"లీవు పెట్టిన. ఉపవాస ప్రార్థనకు పోతున్న," అని వెళ్లిపోయాడు.

లోయిస్ కూడా బయల్దేరింది. అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పాఠాలు చెబుతుందని ఇంట్లో నమ్మకం. పన్నెండేళ్లుగా ఆమె గూఢచారి.

పంజాగుట్టలో ఒక టైలర్ షాపు పైగదిలో చీఫ్ జీవానందం ఎదురుచూస్తున్నాడు.

"మీవారి ల్యాబ్ నుంచి ఒక సీసా పోయింది. విషవాయువును పసిగట్టే సెన్సర్ పూత అది. విదేశీ ముఠాకి దొరికితే మన సెన్సర్లన్నీ గుడ్డివవుతాయి. పదకొండింటికి అమీర్‌పేట మెట్రో కింద చేతులు మారుతుంది. తీసుకునేది మంజూష."

"మన మంజూషేనా?"

"మన దగ్గరా, వాళ్ల దగ్గరా పనిచేస్తోంది. ఇచ్చేవాడెవరో తెలీదు. కోడ్ మాట: 'సాయంత్రం బ్యాచ్‌లో సీటుందా?'"

టేబుల్ మీద వెండి ఉంగరం పెట్టాడు. "సీసా లీకవుతోంది. అందులో గంధకపు అణువులున్నాయి. వెండి మీద వాలతాయి. వాలినచోట ఉండవు, పాకుతాయి, ఒకదాన్నొకటి కలుసుకుని గుంపు కడతాయి. అప్పుడే నలుపు. ఈ ఉంగరానికి నిమిషం చాలు."

"మామూలు వెండికి?"

"పక్కనే ఉంటే ఒక రోజు."

లోయిస్ కుర్చీ అంచు పట్టుకుంది. గిన్నె. దాని పక్కన బైబిల్. రెండు ఇడ్లీలు. ఉపవాసమున్నవాడు ఇడ్లీ తినడు.

"ఇచ్చేవాణ్ని వెతకక్కర్లేదు సార్," అంటూ ఉంగరం తొడుక్కుంది.

మెట్రో మెట్ల కింద మంజూష కోచింగ్ పాంప్లెట్లు పంచుతోంది. పాత చున్నీ కప్పుకున్నా, దాటిపోయేవాళ్లు వెనక్కి తిరిగి చూస్తున్నారు. గిడియన్ ఆమె ముందు ఆగాడు.

"సాయంత్రం బ్యాచ్‌ల సీటుందా?"

అతను జిప్పు లాగాడు. సీసా సగం బయటికొచ్చింది. మంజూష చెయ్యి చాపింది. ఆ చేతికి ముందే లోయిస్ చెయ్యి సీసా మీద పడింది. పాంప్లెట్లు కింద చెదిరాయి. మఫ్టీలో ఉన్న ఇద్దరు మంజూషను పట్టుకున్నారు.

గిడియన్ భార్యను గుర్తుపట్టడానికి కొంచెం సమయం పట్టింది.

"నువ్వా?"

"ఎందుకు చేసినవ్?"

"ఇరవై ఏండ్లు స్టోర్‌ల సీసాలు లెక్కపెట్టిన. ఆమె నన్ను సైంటిస్ట్ అన్నది." మంజూషను తీసుకుపోతున్న వైపు చూశాడు. "నువ్వు ఒక్కనాడన్న నా పని గురించి అడగలే, లోయిస్."

"నువ్వు సుత నన్ను అడగలే."

అతన్ని జీపెక్కించారు. ఆమె వేలికి ఉంగరం నల్లగా ఉంది. లాగితే రాలేదు.

జీవానందం ఫోన్ చేశాడు. "రికార్డులో నీ పేరు రానివ్వను. మీవారిని ఫారిన్ డ్యూటీకి పంపారని ఇంట్లో చెప్పు. నమ్ముతారు."

నమ్ముతారు. ఆమె ఏం చెప్పినా ఇన్నాళ్లూ నమ్మారు.

ఇంట్లో యేసుమణి నాలుగు కంచాలు పెట్టింది. ఒలీవియా అప్పుడే కాలేజీ నుంచి వచ్చింది. లోయిస్ కూర్చుని, ఒక కంచం పక్కకు జరిపింది.

"ఆయన రాడు," అంది నెమ్మదిగా. "ల్యాబుల సీసా దొంగతనం చేసి బైబిల్ కవర్ల దాచిండు, గా గిన్నె నల్లబడ్డది దానికే. పట్టిచ్చింది నేనే. నేను పాఠాలు చెప్పేది అబద్ధం. కోర్టుల నా పేరుతోనే సాక్ష్యం చెప్త. గా ఉద్యోగం ఇంక ఉండదు. గీ ఇంట్ల ఇంకో అబద్ధం చెప్ప."

ఒలీవియా అమ్మ వేలికున్న ఉంగరాన్నే చూస్తోంది. యేసుమణి గిన్నెను ఒళ్లో పెట్టుకుని కొంగుతో రుద్దింది. నలుపు పోలేదు. మళ్లీ రుద్దింది.

"అయితే గుడ్డు కాదన్నట్టు," అంది.