బావ బిట్లు, బావమరిది గిటారు

పెద్దిరాజు పొద్దున్నే వీధి అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. వంటింట్లో ఆయన భార్య సుబ్బాయమ్మ, ఆవిడ తమ్ముడు నరేంద్ర ఏదో గుసగుసలాడుకుంటున్నారు. ఖాళీ గ్లాసు పెట్టడానికి ఆయన లోపలికి వెళ్లేసరికి ఇద్దరూ టక్కున మాట ఆపేశారు. సుబ్బాయమ్మ ఉన్నట్టుండి చింతపండు పిసకడం మొదలుపెట్టింది. నరేంద్ర గోడ మీది క్యాలెండరు కేసి చూస్తూ నిలబడ్డాడు. పెద్దిరాజు గ్లాసు పెట్టేసి వచ్చేశాడు. అసలే అనుమానం మనిషి, ఆ పైన ఈ మధ్య ఆయన అనుమానానికి మేత కూడా బాగానే దొరుకుతోంది.

బందరులో కోకిల ఆర్కెస్ట్రా అంటే పెద్దిరాజే. చేపల వ్యాపారం చేసుకోరా అంటే హార్మోనియం పట్టుకున్నాడని తండ్రి చివరిదాకా తిట్టుకున్నాడు. హార్మోనియం నుంచి కీబోర్డుకి వచ్చాక ఆయనకి తిరుగులేకుండా పోయింది. అవనిగడ్డలో ఉత్సవమైనా, ముదినేపల్లిలో పెళ్లయినా ముందు ఆయన ఖాళీ చూసుకునే ముహూర్తం మాట్లాడుకునేవాళ్లు. తల్లి పోయిన తమ్ముణ్ణి సుబ్బాయమ్మ చిన్నప్పుడే తన దగ్గరికి తెచ్చుకుంటే, వాడికి సరిగమలు నేర్పిందీ, గిటారు కొనిచ్చి స్టేజీ ఎక్కించిందీ ఆయనే. ఆ బావమరిదే ఇప్పుడు తనకి ఎసరు పెడుతున్నాడని పెద్దిరాజు గట్టి నమ్మకం.

ఆ నమ్మకం మోపిదేవిలో మొదలైంది. పాటలో పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే వాయిద్యపు ముక్కని ఆర్కెస్ట్రావాళ్లు బిట్టు అంటారు. ఏ బిట్టు ఎవరిదో ముందే ఖాయమై ఉంటుంది. వయొలిన్ బిట్లు, ఫ్లూటు బిట్లు కీబోర్డువి, అంటే పెద్దిరాజువి. ఒకరి బిట్టు ఇంకొకరు వాయించడమంటే పక్కవాడి విస్తట్లో చెయ్యి పెట్టడమే. మోపిదేవి పెళ్లిలో వయొలిన్ బిట్టు మధ్యలో నరేంద్ర గిటారుతో దూరిపోయాడు. జనం చప్పట్లు కూడా కొట్టారు. పెద్దిరాజు స్టేజీ వెనక డ్రమ్ములు వాయించే కొండయ్య ముందే వాణ్ణి కడిగిపారేశాడు. నరేంద్ర తల వంచుకుని నిలబడ్డాడు గానీ ఎందుకు దూరాడో చెప్పలేదు.

పెద్దిరాజు కూడా ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. షుగరు వచ్చిన దగ్గర్నుంచీ ఆయన కుడిచేతి ఉంగరం వేలూ, చిటికెన వేలూ మొద్దుబారిపోతున్నాయి. ఒక్కోసారి కీబోర్డు మెట్టు మీద వేలు పెట్టాడో లేదో ఆయనకే తెలియడంలేదు. మిగిలిన మూడు వేళ్లతో సర్దుకుంటున్నాడు. చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమై లాల్చీల్లోకి దిగాడు. కళాకారుడన్నాక లాల్చీ ఉండాలని ఇంట్లో చెప్పాడు. వాళ్లు నమ్మారని ఆయన నమ్మాడు.

ఇలా ఉండగా నరేంద్ర కొత్త గిటారు కావాలన్నాడు. పాతదాని పికప్పులు, అంటే తీగల మోతని పట్టి ఆంప్లిఫయరుకి అందించే అయస్కాంతాలు, ఒకటే రకానివి. సన్నటి మోత తప్ప ఇంకోటి రాదు. పైగా తిరునాళ్లలో పక్కన జనరేటరు, సీరియల్ లైట్లు ఉంటే జుయ్యిమని ఒకటే గోల. అన్ని రకాల మోతా పలికే పికప్పులున్నది కావాలి, మరీ ఖరీదైంది అక్కర్లేదు అన్నాడు. ఇన్నేళ్లూ లేని అవసరం ఇప్పుడెందుకొచ్చిందని పెద్దిరాజు ఆలోచనలో పడ్డాడు. విజయవాడలో ఒక పెద్ద ఆర్కెస్ట్రా పార్టీవాళ్లు వీడి కోసం తిరుగుతున్నారని కొండయ్య చెవిలో వేశాక ఆ ఆలోచన కాస్తా తీర్మానమైంది. ఎలాంటి పాటకైనా సరిపోయే గిటారు చేతిలో ఉన్నవాడు ఎవరి దగ్గరికైనా వెళ్లిపోగలడు.

"నేనొక్కణ్ణే గుడివాడ వెళ్లి చూసొస్తాను బావా. నీకెందుకు శ్రమ" అన్నాడు నరేంద్ర ఆ పొద్దున.

"శ్రమేముందిరా, నాకూ గుడివాడలో పనుంది" అన్నాడు పెద్దిరాజు. ఆయనకి గుడివాడలో వీడి మీద కన్నేసి ఉంచడం తప్ప వేరే పనేమీ లేదు.

ప్యాసింజరు రైల్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. గుడ్లవల్లేరులో కాలేజీ పిల్లలు ఎక్కి గోల చేస్తుంటే వీళ్లిద్దరికీ మాట్లాడుకోనక్కర్లేకుండా పోయింది.

వాయిద్యాల కొట్టు యజమాని నరసింహారావు గారు పెద్దిరాజుకి పాతికేళ్ల పరిచయం. కుర్చీ వేసి, టీ తెప్పించి, మూడు గిటార్లు దింపించారు. చవకదాని పికప్పులు నరేంద్ర పాతదాని వాటిలాంటివే. తీగ మీటక ముందే జుయ్యిమంది. ఖరీదైనది చూడ్డానికి పెళ్లికొడుకులా ఉంది. నరేంద్ర దాన్ని ఒళ్లో పెట్టుకుని, కుడిచేతి చిటికెన వేలు చాచి వాల్యూం నాబ్ అందుతుందా లేదా అని చూశాడు. అందలేదు. దాన్ని పక్కన పెట్టేశాడు. మోత వినకుండా నాబ్ దూరం చూసి గిటారు వద్దనేవాణ్ణి పెద్దిరాజు ఎక్కడా చూడలేదు.

మధ్యరకం దానికి రెండు కొసల్లో జంట పికప్పులు, నడుమ ఒంటిది ఉన్నాయి. ఏది పలకాలో మార్చుకోవడానికి అయిదు గాట్ల స్విచ్చు ఉంది. చిటికెన వేలికి నాబ్ అందింది. నరేంద్ర స్విచ్చుని మెడ వైపు పికప్పు మీదికి తోసి, చిటికెన వేలితో వాల్యూం మెల్లగా పెంచుతూ వాయించడం మొదలుపెట్టాడు. మోపిదేవిలో వాయించిన వయొలిన్ బిట్టే అది. దాని వెనకే ఒక ఫ్లూటు బిట్టు, ఆ తర్వాత ఇంకో వయొలిన్ బిట్టు.

పెద్దిరాజు టీ తాగడం ఆపేశాడు. గిటారు కొనడానికి వచ్చినవాడు గిటారు బిట్లు వాయించి చూసుకోవాలి. వీడు ఒక్కటంటే ఒక్కటి వాయించలేదు. వాయించినవన్నీ తనవే. అంతా కంఠస్థం చేసుకుని మరీ వచ్చాడు. టీ కప్పు కింద పెట్టి, నరసింహారావు గారు పిలుస్తున్నా వినిపించుకోకుండా కొట్టు దిగి, ఎదురొచ్చిన బందరు బస్సు ఎక్కేశాడు.

తరవాత బస్సులో నరేంద్ర వచ్చేసరికి పెద్దిరాజు ముందుగదిలో కాచుకుని ఉన్నాడు.

"విజయవాడ వాళ్లతో మాటయిపోయిందా?" అన్నాడు.

"ఏం మాట బావా?"

"నా బిట్లన్నీ పట్టేశావుగా. కీబోర్డు అక్కర్లేని పార్టీ పెట్టుకుంటావా, నన్ను దింపి నా కుర్చీలోనే కూర్చుంటావా? ఏదైనా నా మొహం మీద చెప్పు. వంటింట్లో మీ అక్కతో మంతనాలెందుకు?"

నరేంద్ర గోడకి ఆనుకుని వంటింటి వైపు చూశాడు. అది చూసి పెద్దిరాజుకి ఇంకా మండుకొచ్చింది. అన్నం పెట్టిన చెయ్యి, నేర్పిన విద్య, కొనిచ్చిన గిటారు, అన్నీ ఎత్తాడు. అనకూడని మాటలు కూడా అన్నాడు. అప్పుడు సుబ్బాయమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది.

"వాడు చెప్పడు, నేను చెప్తాను. ఆ విజయవాడాయన మనింటికే వచ్చాడు, మీరు నాగాయలంక వెళ్లిన రోజు. వీడు మంచినీళ్లిచ్చి పంపేశాడు."

"మరి నా బిట్లెందుకు వాయించాడు?"

"మీ వేళ్లు వాయించడంలేదు కనక."

పెద్దిరాజు కుడిచెయ్యి దానంతటదే లాల్చీ జేబులోకి వెళ్లిపోయింది. సుబ్బాయమ్మ గొంతు తగ్గించింది. రోజూ కంచంలో అన్నం కలుపుతుంటే ఆ రెండు వేళ్లూ పైకి లేచి ఉండడం తను చూడలేదనుకున్నారా అంది. మందుబిళ్ల చేతిలోంచి జారిపోతే ఎన్నిసార్లు తీసి మళ్లీ డబ్బాలో పెట్టిందో చెప్పింది. చెప్తూ చెప్తూ ఏడ్చేసింది.

"మోపిదేవిలో..." అన్నాడు పెద్దిరాజు.

"మోపిదేవిలో నీ చెయ్యి ఆగిపోయింది బావా" అన్నాడు నరేంద్ర. "రెండో లైనులో ఆగింది. జనం గమనించేలోపు నేనెత్తుకున్నాను. నా గిటారు సన్నటి మోత కదా, ఎవరు వాయించారో తెలిసిపోయింది. అందుకే ఇది. మెడ వైపు జంట పికప్పు మీద పెట్టి, చిటికెన వేలితో వాల్యూం పెంచుకుంటూ వెళ్తే తీగ మీటినట్టు వినపడదు, వయొలిన్‌లా ఉంటుంది. నీ కీబోర్డులోంచే వచ్చిందనుకుంటారు. నువ్వు ముందు కూర్చుని ఉంటే చాలు. నీ చెయ్యి ఆగిందని ఎవరికీ తెలియకూడదు."

ఇన్ని నెలలుగా పెద్దిరాజు మనసులో గిటారే ముందు దూరింది, ఆ తరవాతే తన చెయ్యి ఆగింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ వరస తిరగబడుతోంది. లేచి వెళ్లి కీబోర్డు మీది గుడ్డ తీశాడు. వాళ్లిద్దరూ చూస్తుండగా మోపిదేవి బిట్టు ఎత్తుకున్నాడు. మొదటి లైను గడిచింది. రెండో లైనులో ఉంగరం వేలు ఒక మెట్టు మీద పడాల్సింది రెండు మెట్ల మీద పడింది. మళ్లీ ఎత్తుకున్నాడు. మళ్లీ అక్కడే. మూడోసారి చిటికెన వేలు అసలు కదల్లేదు. ఎడంచేత్తో కుడిచెయ్యి పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. ఈ చేతిని కాపాడాలని చూసినవాణ్ణే కొండయ్య ముందు దొంగలా నిలబెట్టానే అనుకున్నాడు. వలవలా ఏడ్చాడు. నరేంద్ర వచ్చి కాళ్ల దగ్గర కూర్చున్నాడు. ఎవరూ ఎవర్నీ ఊరుకోబెట్టలేదు.

మర్నాడు బావా బావమరుదులు మళ్లీ గుడివాడ వెళ్లారు. ఈసారి కొట్టులో పెద్దిరాజు గిటారు వైపు చూడనే లేదు. వీధి వైపు తిరిగి కూర్చుని, కళ్లు మూసుకుని, స్విచ్చుని ఒక్కో గాటుకీ మార్చమన్నాడు. ఒకచోట మరీ పల్చగా ఉందన్నాడు, ఇంకోచోట నీళ్లు కలిపినట్టుందన్నాడు. మెడ వైపు పికప్పుకి వచ్చేసరికి చెయ్యెత్తి ఆపాడు. బిట్టు వాయించమని, మూడో స్వరం దగ్గర జారుడు చాలదని చెప్పి, తనే పాడి వినిపించాడు. నరేంద్ర మళ్లీ వాయించాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు. మళ్లీ వాయించాడు. ఈసారి తల నిలువునా ఊగింది. ఇదే కట్టించమని నరసింహారావు గారికి చెప్పాడు.

తిరుగు ప్యాసింజరులో గిటారు ఇద్దరి మధ్యా సీటు మీద ఉంది. పెడనలో ఎక్కిన పెద్దాయన ఒకాయన దాన్ని చూసి, మీరు వాయిస్తారాండీ అని పెద్దిరాజుని అడిగాడు.

"మా బావమరిది వాయిస్తాడండీ" అన్నాడు పెద్దిరాజు. తరవాత, ఆయన అడక్కపోయినా, కుడిచెయ్యి జేబులోంచి తీసి అందరికీ కనపడేలా ఒళ్లో పెట్టుకున్నాడు.

"నేను కీబోర్డండీ. నాకు ఈ రెండు వేళ్లూ పడిపోయాయి. ఇకమీదట నా బిట్లు కూడా వీడే వాయిస్తాడు. రేపు అవనిగడ్డలో ప్రోగ్రాముంది, రండి. మైకులో ఆ మాట నేనే చెప్తాను."

నరేంద్ర కిటికీ వైపు తిరిగిపోయాడు. పెద్దిరాజు వాడి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చేతిలో మూడు వేళ్లకే వాడి వణుకు తెలిసింది.